తంజావూరు, కుంభకోణం ట్రిప్: మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు ఏం చేస్తారో ముందు తేల్చుకోండి

కుంభకోణం వెళ్తున్నాం, ఎన్ని రోజులు కావాలి? ఎక్కడ దిగాలి? నవగ్రహాల గుళ్ళు తొమ్మిదీ ఒక్క రోజులో అయిపోతాయా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, తీసుకెళ్ళొచ్చా? ఏడాది పొడవునా నన్ను ఇవే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒక్కచోట రాస్తున్నాను. గుళ్ళ చరిత్ర, స్థలపురాణం ఇందులో ఉండవు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఏ పని ముందు, ఏది తర్వాత, ఎక్కడ దెబ్బతింటాం, దెబ్బతింటే ఎలా సర్దుకోవాలి, ఇంతే.

## 1. అన్నిటికన్నా ముందు: నడై (గుడి తలుపులు) మూసే వేళ

ఆ ప్రాంతంలో గుళ్ళు దాదాపు అన్నీ మధ్యాహ్నం మూసేస్తారు. పన్నెండు, పన్నెండున్నరకి తలుపులు పడితే మళ్ళీ తీసేది నాలుగింటికే, కొన్నిచోట్ల నాలుగున్నర, ఐదు కూడా అవుతుంది. తిరుమల అలవాటుతో వెళ్ళేవాళ్ళకి ఇది తట్టదు. గుడి ఎప్పుడైనా తెరిచే ఉంటుందిలే అనుకుని పొద్దున్న తొమ్మిదింటికి తీరిగ్గా టిఫిన్ చేసి బయలుదేరతారు, రెండు గుళ్ళు చూసేసరికి పన్నెండు అవుతుంది, ఆ తర్వాత నాలుగు గంటలు కారులో కూర్చోవడమే.

నా మొదటి ట్రిప్పు సరిగ్గా ఇలాగే పోయింది. ట్రావెల్స్ వాళ్ళు ఇచ్చిన ప్లాన్‌ని గుడ్డిగా నమ్మి గంగైకొండ చోళపురానికి 12:20కి చేరాం. మేం మెట్లెక్కుతుంటే అర్చకులు తాళం వేసి దిగుతున్నారు. అమ్మ మండే రాయి మీద కాళ్ళు మార్చి మార్చి నిలబడింది, చుట్టుపక్కల సరైన భోజనం కూడా దొరకలేదు. అప్పటినుంచి ప్లాన్ వేసేటప్పుడు ముందుగా కాగితం మధ్యలో 12–4 అని గీత గీసి, దాని పైనా కిందా గుళ్ళు రాసుకుంటాను.

మీరూ అలాగే చేయండి. రోజుని మూడు ముక్కలు చేసుకోండి:

- ఉదయం 6 నుంచి 11:45 వరకు: గుళ్ళు. అసలు రోజు ఇదే.
- 12 నుంచి 4 వరకు: భోజనం, ఊరు మారడం, నిద్ర, మ్యూజియం.
- 4 నుంచి 8 వరకు: ఒకటి, మహా అయితే రెండు గుళ్ళు.

ఈ లెక్కన రోజుకి నాలుగు గుళ్ళు హాయిగా చూడొచ్చు. ఒకే ఊళ్ళో దగ్గర దగ్గరగా ఉన్నవైతే తప్ప, ఐదోది పెట్టుకుంటే హడావుడి మొదలవుతుంది.

## 2. ఎప్పుడు వెళ్ళాలి

డిసెంబర్ చివరి వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు మంచిది. మనకి వానలంటే జూన్, జులై గుర్తొస్తాయి కానీ అక్కడ అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య వరకు, ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. నవంబర్‌లో తుపాను లేస్తే కావేరి డెల్టా మొత్తం నీళ్ళే. దారాసురం గుడి చుట్టుపక్కల నేల కన్నా పల్లంలో ఉంటుంది, గట్టి వాన పడితే ముందు భాగంలో నీళ్ళు నిలుస్తాయి.

ఏప్రిల్, మే వద్దు. మే నెలలో వాళ్ళు అగ్ని నక్షత్రం అని పిలిచే రోజులుంటాయి, పేరే చెబుతోంది. స్కూలు సెలవులు అప్పుడే కదా అంటారా, తప్పదనుకుంటే ఉదయం ఆరుకి గుడిలో, పదికల్లా గదిలో ఉండేలా ప్లాన్ సగానికి తగ్గించుకోండి.

తేదీలు ఖాయం చేసే ముందు పంచాంగం తీసి ఇవి చూడండి:

- వైకుంఠ ఏకాదశి: శ్రీరంగం అడుగు పెట్టలేనంత రద్దీ. ఆ ఉత్సవం కోసమే వెళ్తుంటే సరే, లేదంటే ఆ వారం తప్పించండి.
- ఆరుద్రా దర్శనం (మార్గళి, అంటే మన ధనుర్మాసంలో ఆరుద్రా నక్షత్రం రోజు): చిదంబరంలో రద్దీ.
- పుష్య బహుళ పంచమి: తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన. మనవాళ్ళు చాలామంది దీనికోసమే వెళ్తారు. వెళ్ళేటట్లయితే తంజావూరులో గది నెలల ముందే తీసుకోండి.
- పొంగల్ సెలవులు: రైళ్ళు, బస్సులు దొరకవు.
- శనివారం తిరునళ్ళారు, గురువారం ఆలంగుడి: ఆ రోజుల్లో ఆ గుళ్ళు కిక్కిరిసిపోతాయి.
- మహామహం: 12 ఏళ్ళకోసారి కుంభకోణంలో వస్తుంది. గతంలో 2016లో జరిగింది, వచ్చేది 2028లో. ఆ మాసి మాసంలో (ఫిబ్రవరి, మార్చి) మామూలు ట్రిప్పు పెట్టుకోకండి.

## 3. జాబితా రాయండి, తర్వాత సగం కొట్టేయండి

ఆ జిల్లాల్లో గుళ్ళకి లెక్కలేదు. అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడరు. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కర్నీ ఒకే ప్రశ్న అడగండి: ఎందుకు వస్తున్నావు? నాన్నకి నవగ్రహాలు కావాలి, మీకు శిల్పాలు కావాలి, చెల్లికి గర్భరక్షాంబిక దర్శనం కావాలి, పిల్లలకి ఏమీ అక్కర్లేదు. ఇది ముందే తెలిస్తే దారిలో గొడవలుండవు.

నా లెక్కలో వదలకూడనివి ఐదు: తంజావూరు పెద్దగుడి, దారాసురం, గంగైకొండ చోళపురం, చిదంబరం, శ్రీరంగం. మొదటి మూడూ యునెస్కో జాబితాలో ఉన్నవి, వాటికి ప్రవేశ టికెట్ కూడా లేదు. మిగతావి మీ మొక్కుల్ని బట్టి కలుపుకోండి.

పేర్ల దగ్గర జాగ్రత్త. మన చెవికి ఇవన్నీ ఒకేలా వినిపిస్తాయి:

- తిరువయ్యారు: త్యాగరాజస్వామి సమాధి ఉన్న ఊరు, తంజావూరుకి 13 కిలోమీటర్ల దూరం.
- తిరువారూరు: త్యాగయ్య పుట్టిన ఊరు. త్యాగరాజేశ్వరుడి గుడి, పెద్ద కోనేరు ఉన్నది ఇక్కడ. తిరువయ్యారు వెళ్ళాలనుకుని ఇక్కడ దిగినవాళ్ళు నాకు తెలుసు.
- తిరువానైక్కావల్: మనం జంబుకేశ్వరం అంటాం, శ్రీరంగం పక్కనే.
- తిరునాగేశ్వరం: రాహు క్షేత్రం, కుంభకోణానికి దగ్గర. కుంభకోణం ఊళ్ళో ఉన్న నాగేశ్వరన్ గుడి వేరు.
- ఆలంగుడి: గురు క్షేత్రం కుంభకోణం దగ్గరుంది. పుదుక్కోట్టై జిల్లాలో ఇదే పేరుతో ఇంకో ఊరుంది. మ్యాప్‌లో ఊరి పేరు కాకుండా ఆపత్సహాయేశ్వరర్ గుడి అని వెతకండి.

## 4. చేరుకోవడం

తెలుగు రాష్ట్రాల నుంచి రెండు దారులు.

చెన్నై మీదుగా రైలు. పగలు చెన్నై చేరి, రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున కుంభకోణంలో దింపుతుంది. అందరూ తప్పు చేసేది చెన్నైలోనే. మన రైళ్ళలో చాలావరకు సెంట్రల్‌కి వస్తాయి, కొన్ని తాంబరం వైపు వెళ్తాయి. దక్షిణం వైపు వెళ్ళే రైళ్ళు ఎగ్మోర్ నుంచో తాంబరం నుంచో బయలుదేరతాయి. సెంట్రల్, ఎగ్మోర్ దగ్గర దగ్గరే అయినా వేరువేరు స్టేషన్లు. టికెట్ మీద స్టేషన్ పేరు రెండుసార్లు చదవండి, రెండు రైళ్ళ మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోండి. మొదటి రైలు లేటయితే రెండోది మీకోసం ఆగదు.

రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. శుక్రవారం రాత్రి, ఆదివారం రాత్రి బెర్తులు త్వరగా అయిపోతాయి కాబట్టి వీలైతే సోమవారమో మంగళవారమో బయలుదేరండి. గుళ్ళలో కూడా జనం పలచగా ఉంటారు.

తిరుచ్చి మీదుగా విమానం. టైం తక్కువగా ఉన్నవాళ్ళకీ, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకీ ఇదే మేలు. తిరుచ్చి నుంచి తంజావూరు గంటన్నర లోపే, అక్కడినుంచి కుంభకోణం 40 కిలోమీటర్లు.

నాకు నచ్చింది మాత్రం రెండూ కలిపి వాడటం: వెళ్ళేటప్పుడు రైల్లో కుంభకోణం, వచ్చేటప్పుడు తిరుచ్చి నుంచి. వెనక్కి అదే రోడ్డు మీద తిరగాల్సిన పని ఉండదు.

## 5. మకాం: కుంభకోణం మూడు రాత్రులు, తంజావూరు ఒకటి

రోజుకో ఊళ్ళో గది తీసుకోవద్దు. పొద్దున్నే పెట్టెలు సర్దడంలో గంట పోతుంది, ఆ గంట మనకి బంగారం లాంటిది. కుంభకోణం మధ్యలో కూర్చుంటే దారాసురం 4 కిలోమీటర్లు, స్వామిమలై 8, గంగైకొండ చోళపురం 35, చిదంబరం 75 లోపు.

గది బుక్ చేసే ముందు ఫోన్ చేసి ఈ నాలుగూ అడగండి:

- తెల్లవారుజామున నాలుగున్నరకి వస్తాం, గది ఇస్తారా, దానికి అదనంగా ఎంత?
- లిఫ్ట్ ఉందా?
- పొద్దున్న ఐదింటికి వేడినీళ్ళు వస్తాయా?
- కారు పెట్టుకునే చోటు, డ్రైవర్ పడుకునే చోటు ఉన్నాయా?

మొదటి ప్రశ్న మర్చిపోయారంటే మధ్యాహ్నం చెక్-ఇన్ దాకా లాబీలో కూర్చోవాలి. కొత్త ఊళ్ళో స్నానం లేకుండా, ఉదయం గుళ్ళ వేళ మొత్తం పోతుంది.

## 6. బండి మాట్లాడుకోవడం

ఇద్దరే వెళ్తూ తొందర లేకపోతే బస్సులు చాలు. కుంభకోణం, తంజావూరు మధ్య బస్సులకి లోటు లేదు. బస్సుల బోర్డులు ఎక్కువగా తమిళంలోనే ఉంటాయి, ఫోన్‌లో కెమెరా పెట్టి అనువదించే యాప్ ఒకటి వేసుకోండి. నలుగురైతే కారే నయం.

కారు మాట్లాడేటప్పుడు మొత్తం ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. రోజుకి ఎన్ని కిలోమీటర్లు కలిపి ఇస్తున్నారు, దాటితే కిలోమీటరుకి ఎంత, డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ ఎవరివి, ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట మీద పోతే చివరిరోజు పేచీ వస్తుంది. తిరునళ్ళారు కూడా వెళ్ళేటట్లయితే ముందే చెప్పండి, అది కారైక్కాల్‌లో, పుదుచ్చేరి పరిధిలో ఉంది, పర్మిట్ సంగతి డ్రైవర్ చూసుకోవాలి.

ఇంకో ముఖ్యమైన మాట. నవగ్రహాలు తొమ్మిదీ ఒక్క రోజులో తిప్పేస్తామని ప్యాకేజీలు అమ్ముతారు. తిప్పగలరు, తెల్లవారుజామున మొదలుపెట్టి రాత్రి దాకా. ఒక్కో గుడిలో పది, పదిహేను నిమిషాలు, మిగతాదంతా కారు సీటు. మొక్కుబడి తీర్చుకోవడానికైతే మీ ఇష్టం. కానీ అరవై దాటినవాళ్ళని మాత్రం అలా తీసుకెళ్ళకండి, రెండు రోజులకి పంచుకోండి.

## 7. ఐదు రోజుల క్రమం

ఎన్నోసార్లు మార్చి మార్చి చివరికి స్థిరపడిన క్రమం ఇది. ఒక గుడి ముందు, ఒకటి తర్వాత ఎందుకో కూడా రాస్తున్నాను, అది తెలిస్తే మీ వీలుని బట్టి మార్చుకోగలరు.

### 7.1 మొదటి రోజు: కుంభకోణం ఊరు, దారాసురం, స్వామిమలై

రాత్రంతా రైల్లో వచ్చారు కాబట్టి ఈరోజు దూరాలు వద్దు. స్నానం చేసి, టిఫిన్‌లో కడప్పా దొరికితే తినండి (పెసరపప్పు, బంగాళాదుంప వేసి చేస్తారు, ఇడ్లీలోకి బాగుంటుంది), ఊళ్ళోని గుళ్ళు చూడండి: ఆది కుంభేశ్వరర్, శార్ఙ్గపాణి, చక్రపాణి, రామస్వామి. ఆటోలో తిరిగితే పదకొండున్నరకి అయిపోతాయి. రామస్వామి గుడి మంటపంలో స్తంభాలకి కనీసం అరగంట ఇవ్వండి.

మధ్యాహ్నం పడుకోండి. నిజంగా పడుకోండి.

నాలుగింటికి దారాసురం. స్వామిమలై కన్నా ఇది ముందెందుకంటే దారాసురం శిల్పాలు వేలెడంత చిన్నవి, పొద్దుగూకితే ఏమీ కనపడవు. అక్కడ ఏనుగు, ఎద్దు ఒకే తలని పంచుకున్న చిన్న శిల్పం ఒకటుంది. అరచేత్తో ఎడమ శరీరం మూసి చూస్తే ఒక జంతువు, కుడిది మూసి చూస్తే ఇంకోటి. ఒక జంతువు గీత ఇంకోదానిగా ఎలా మారిందో వేలితో గాలిలో గీసుకుంటూ చూడండి, రాయిని మాత్రం ముట్టుకోవద్దు. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి కనిపెట్టమనండి. విసుగ్గా ఉన్న పిల్లలు కూడా అక్కడినుంచి కదలరు.

చీకటి పడ్డాక స్వామిమలై. 60 మెట్లు, ఒక్కోదానికి ఒక్కో సంవత్సరం పేరు. మన ప్రభవ, విభవలే. మీరు పుట్టిన సంవత్సరం మెట్టు మీద ఆగి ఒక్క క్షణం నిలబడండి. ఈ ఊళ్ళోనే మైనంతో బొమ్మ చేసి, కావేరి మట్టి పూసి, మైనం కరిగించి కంచు పోసే స్థపతులున్నారు. ఆ పని చూడాలంటే మాత్రం పగలే రావాలి, ఖాళీగా ఉన్న ఏదో ఒక మధ్యాహ్నానికి దాచుకోండి.

### 7.2 రెండో రోజు: గంగైకొండ చోళపురం, చిదంబరం, వైదీశ్వరన్ కోయిల్

ఐదు రోజుల్లో కష్టమైనది ఇదే. ఉదయం ఆరుకి కారు కదలాలి. ఆరున్నర అయితే పర్వాలేదు, ఏడయితే మాత్రం చిదంబరం చేజారుతుంది.

ఏడింటికల్లా గంగైకొండ చోళపురం. ఆ వేళ పచ్చికలో మంచు తడి ఉంటుంది, జనం ఉండరు. ఉత్తరం వైపు మెట్ల పక్కన చండేశానుగ్రహ మూర్తి కోసమే వెళ్ళాలి: శివుడు కూర్చుని, ముందు చేతులు జోడించి కూర్చున్న భక్తుడి తలకి పూలదండ చుడుతుంటాడు. చుట్టే ఆ చేతుల్లో పిల్లాడికి తలపాగా కట్టే తండ్రి నెమ్మది కనిపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు కళ్ళు చెమరుస్తాయి. ఫొటో తీసేసి పోకుండా ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి.

ఎనిమిదిన్నరకి బయలుదేరితే పదింటికి చిదంబరం. టిఫిన్ దారిలో కాకుండా ముందే తినండి, లేదా పొట్లం కట్టించుకోండి. నటరాజస్వామి ముందున్న కనకసభ దగ్గరికి వెళ్ళాలంటే మగవాళ్ళు చొక్కా విప్పాలి. గుడి దీక్షితుల ఆధ్వర్యంలో నడుస్తుంది, ప్రత్యేక పూజకో కానుకకో అడిగితే ఇష్టమైతే ఇవ్వండి, లేదంటే నమస్కారం పెట్టి ముందుకి నడవండి, ఎవరూ ఆపరు. గోవిందరాజస్వామి సన్నిధి అదే ప్రాంగణంలో ఉంది, అదీ చూసుకోండి.

మధ్యాహ్నం భోజనం చేసి అక్కడే కాస్త సేదదీరి, నాలుగింటికి వైదీశ్వరన్ కోయిల్ (అంగారక క్షేత్రం). గుడి చుట్టూ నాడీ జ్యోతిషం బోర్డులు, వెంటపడే మనుషులు. మీకు ఆసక్తి లేకపోతే ఆగకుండా నడవండి. మాయవరం మీదుగా రాత్రి ఎనిమిదికి గదికి చేరతారు.

### 7.3 మూడో రోజు: మొక్కుల రోజు

దీన్ని కావాలనే ఖాళీగా ఉంచాను. కింది వాటిలో ఒక్క వరసే పట్టుకోండి:

- ఉప్పిలియప్పన్ కోయిల్, తిరునాగేశ్వరం, సూర్యనార్ కోయిల్, కంజనూరు (శుక్ర క్షేత్రం). ఉప్పిలియప్పన్ స్వామికి ఉప్పులేని నైవేద్యం పెడతారు, ప్రసాదం తిని చూడండి. తిరునాగేశ్వరంలో రాహుకాలంలో పాలాభిషేకం జరుగుతుంది, ఆ రోజు రాహుకాలం చూసుకుని వెళ్ళండి.
- తిరుకరుగావూరు గర్భరక్షాంబిక, ఆలంగుడి. సంతానం కోసం, సుఖప్రసవం కోసం మనవాళ్ళు చాలామంది వెళ్తారు. గర్భిణితో వెళ్తుంటే డాక్టర్ని అడిగి వెళ్ళండి, ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి.
- తిరుక్కడైయూరు. షష్టిపూర్తి చేయించుకునేవాళ్ళు ముందే మాట్లాడుకుని రావాలి, అప్పటికప్పుడు కుదరదు.

ఏమీ అక్కర్లేదంటే దారాసురం ఉదయం వెలుగులో మళ్ళీ చూడండి.

### 7.4 నాలుగో రోజు: తిరువయ్యారు, తంజావూరు

గది ఖాళీ చేసి, హైవే కాకుండా కావేరి వెంట స్వామిమలై మీదుగా వెళ్ళే రోడ్డు పట్టుకోండి. దారిలో తింగళూరు (చంద్ర క్షేత్రం), ఆ తర్వాత తిరువయ్యారు. అయ్యారప్పర్ గుడి చూసుకుని, నది ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి దగ్గరికి రండి. మామూలు రోజుల్లో నిశ్శబ్దంగా ఉంటుంది. వచ్చిన కీర్తన ఒకటి మెల్లగా పాడుకోండి, చుట్టూ తమిళం వినబడే ఊళ్ళో మన తెలుగు మాటలు ఎంత దగ్గరగా తగులుతాయో అక్కడే తెలుస్తుంది.

పదకొండున్నరకి తంజావూరు. గదిలో సామాను పెట్టి, భోజనం చేసి, ఎండవేళలో ప్యాలెస్ చూడండి. లోపల కంచు విగ్రహాల గ్యాలరీ, సరస్వతీ మహల్ గ్రంథాలయ మ్యూజియం ఉన్నాయి. కొన్ని గదులు మధ్యాహ్నం కాసేపు మూస్తారు కాబట్టి టికెట్ కొనేముందే ఏది తెరిచి ఉందో అడగండి. సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలు కూడా భద్రపరిచారు.

నాలుగున్నరకి పెద్దగుడి. ఆటో అతనితో బృహదీశ్వరాలయం అని కాకుండా పెరియ కోయిల్ అనండి, వెంటనే తెలుస్తుంది. ముందు దర్శనం చేసుకోండి, ఆ తర్వాత ప్రాకారం చుట్టూ తిరగండి, చివరికి ఎక్కడైనా కూర్చోండి. పొద్దు వాలేకొద్దీ విమానం రంగు మారుతూ పోతుంది. ఊరివాళ్ళు పిల్లల్ని తెచ్చుకుని ఆ రాతి నేల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. ఏడున్నర దాకా ఉండండి. ఈ మొత్తం ట్రిప్పులో తొందరపడకూడని చోటు ఏదంటే ఇదే.

### 7.5 ఐదో రోజు: శ్రీరంగం, జంబుకేశ్వరం, ఇంటికి

ఉదయం ఆరున్నరకి బయలుదేరి ఎనిమిదిన్నరకల్లా శ్రీరంగం. ఏడు ప్రాకారాలు, 156 ఎకరాలు. నడవలేనివాళ్ళకి బ్యాటరీ కారు ఉందేమో లోపలికి వెళ్ళగానే అడగండి. ముందు రంగనాథుడి దర్శనం క్యూ, ఆ తర్వాతే మిగతా సన్నిధులు. రామానుజాచార్యుల సన్నిధి మర్చిపోకండి.

పదకొండుకి బయటపడి, పదకొండున్నరకల్లా జంబుకేశ్వరం చేరండి. మధ్యాహ్న పూజకి అక్కడ అర్చకులు చీర కట్టుకుని, కిరీటం పెట్టుకుని, అఖిలాండేశ్వరి అమ్మవారిగా స్వామి సన్నిధికి వచ్చి పూజ చేస్తారు. మిగతాచోట్ల తలుపులు పడే వేళకి ఇక్కడ ఇది జరుగుతుంది, అందుకే జంబుకేశ్వరాన్ని శ్రీరంగం తర్వాత పెట్టాను. చాలామంది తిరగేసి, పొద్దున్న ఇది చూసేసి వెళ్ళిపోతారు.

సాయంత్రం దాకా టైం ఉంటే ఉచ్చి పిళ్ళైయార్ కొండ. నాలుగు వందలకి పైగా మెట్లు, మోకాళ్ళు బాగున్నవాళ్ళకే.

మూడు రోజులే ఉంటే: రెండు, మూడు రోజులు తీసేయండి. గంగైకొండ చోళపురం ఒక్కటి మొదటి రోజు ఉదయం కలుపుకుని, ఊళ్ళో గుళ్ళు తగ్గించుకోండి.

## 8. గుడి లోపల

బట్టలు: మగవాళ్ళకి పంచె లేదా ప్యాంటు, చొక్కా; ఆడవాళ్ళకి చీర, లంగాఓణీ, చుడీదార్. షార్ట్స్, స్లీవ్‌లెస్ బ్యాగులోనే ఉంచండి.

ఫోన్: తమిళనాడు గుళ్ళలో ఫోన్లు నిషేధించాలని మద్రాసు హైకోర్టు 2022లో ఆదేశించింది. అమలు గుడిని బట్టి ఉంటుంది. తీసుకుంటున్నారంటే ఇచ్చేసి టోకెన్ జాగ్రత్త చేసుకోండి. గర్భగుడి ఫొటో ఎక్కడా తీయొద్దు.

అర్చన: టికెట్ తీసుకున్నాక పేరు, గోత్రం, నక్షత్రం అడుగుతారు. కొన్ని నక్షత్రాల పేర్లు అక్కడ వేరు: ఆరుద్ర అంటే తిరువాదిరై, శ్రవణం అంటే తిరువోణం, ఆశ్లేష అంటే ఆయిల్యం, జ్యేష్ఠ అంటే కేట్టై, శతభిషం అంటే సదయం. ఇంటిల్లిపాదివీ ఒక చీటీ మీద రాసుకుంటే అర్చకుల ముందు తడబడరు.

నాలుగు తమిళ మాటలు చాలు:

- నడై ఎప్పో తిరప్పీంగ? (గుడి ఎప్పుడు తీస్తారు?)
- నడై సాత్తియాచ్చు (మూసేశారు. ఇది వినకుండా ఉండటానికే ఇదంతా రాసింది.)
- పొదు దరిసనం, కట్టణ దరిసనం (ఉచిత దర్శనం, టికెట్ దర్శనం)
- ఎవ్వళవు? (ఎంత?)

## 9. తరచూ చేసే తప్పులు, సర్దుకునే దారి

పన్నెండుకి గుడి ముందు చిక్కుకున్నారు. అక్కడే కూర్చోకండి. భోజనం చేసి, సాయంత్రం చూడాల్సిన గుడి ఉన్న ఊరికి కారు కదిలించండి. వదిలేసిన గుడి దారిలో మళ్ళీ పడితే చూడండి, లేదంటే వదిలేయండి. ఒక్క గుడి కోసం నాలుగు గంటలు ఆగితే మరుసటి రోజు కూడా చెడుతుంది.

కాళ్ళు కాలుతున్నాయి. పదిన్నర తర్వాత రాతి నేల పెనంలా ఉంటుంది. మందపాటి కాటన్ సాక్స్ ఒక్కొక్కరికి రెండు జతలు పెట్టుకోండి. నడవడానికి పట్టలు పరిచి ఉంటే వాటి మీదే నడవండి. పసిపిల్లల్ని ఎత్తుకోండి.

పెద్దవాళ్ళు మూడో రోజుకి డీలా పడ్డారు. ఆ రోజు ఉదయం గుళ్ళు మానేయండి. వాళ్ళు పైకి అనరు, మీరే గమనించాలి. ఒక పూట విశ్రాంతి ఇస్తే సాయంత్రానికి వాళ్ళే బయలుదేరదామంటారు.

తిండి పడటం లేదు. రెండో రోజుకే మనకి కారం గుర్తొస్తుంది. చిన్న డబ్బాలో ఆవకాయ, కందిపొడి పెట్టుకోండి. పొరుగూరి సాంబారు అన్నంలో పొడి కలుపుకుంటే పిల్లలు మారు మాట్లాడకుండా తింటారు.

కంచు బొమ్మ, తంజావూరు పటం కొన్నాక అనుమానం వచ్చింది. డ్రైవర్ తీసుకెళ్ళిన కొట్లో మొదటి రోజే కొనొద్దు. రెండు మూడు చోట్ల చూసి, బరువు, లోహం, బంగారు రేకు అసలుదో కాదో బిల్లు మీద రాయించుకుని చివరి రోజు కొనండి.

## 10. బయలుదేరే ముందు రోజు చూసుకునే చీటీ

- రైలు టికెట్ మీద చెన్నైలో ఏ స్టేషనో ఇంకోసారి చదివారా
- తెల్లవారుజామున గది ఖాయమని హోటల్‌కి మళ్ళీ ఫోన్ చేశారా
- ప్రతి గుడికీ ఉదయం మూసే వేళ, సాయంత్రం తీసే వేళ రాసుకున్నారా (పండగ రోజుల్లో మారతాయి, ముందు రోజు హోటల్‌లో అడగండి)
- కారు మాటలన్నీ వాట్సాప్‌లో ఉన్నాయా
- ఆధార్ కార్డులు, చిల్లర (చెప్పుల స్టాండ్లో, కొబ్బరికాయల కొట్లో పది, ఇరవై నోట్లు చాలా కావాలి)
- సాక్స్, గొడుగు, నీళ్ళ సీసాలు, టవల్
- పెద్దవాళ్ళ మందులు రెండు రోజులకి ఎక్కువే
- గోత్రం, నక్షత్రాల చీటీ
- చిన్న టార్చి, మంటపాల మూలల్లో శిల్పాలు చూడటానికి
- ఆవకాయ డబ్బా మూత బిగించి, పైన కవర్ చుట్టారా